గోపురం పైనుంచి కనబడింది

ఇంగ్లండులో ఓ పాత ఊరి పెద్ద చర్చి గోపురం ఎక్కానని, సంగారెడ్డికి తిరిగొచ్చిన ఆదివారమే మా చర్చి వరండాలో దోస్తులకు చెప్పుకొచ్చాను. చుట్లు తిరిగే ఇరుకు మెట్లు, పట్టుకోవడానికి వేలాడదీసిన తాడు, పైన ఈడ్చి కొట్టే గాలి, ఏదీ వదల్లేదు. మా ఆవిడ పక్కనే నిలబడి వింటోంది.

"పైకెల్లి ఏం కనబడ్డది అన్నా?" అన్నాడొకాయన.

కాపాడమన్నట్టు ఆమె వైపు చూశాను.

"నన్నడుగుర్రి, ఎక్కింది నేను," అంది. "కింద బెంచీ మీద నోరు తెరుసుకొని పండుకున్న ఈయన కనబడ్డడు."

ఇక ఒప్పుకున్నాను. ఆ ఊళ్లో నేను ఎక్కినవి బస్సు మెట్లే. గోపురం సంగతంతా ఆమె మోకాళ్లకు మందు రాసుకుంటూ చెప్పిందే. నోరు తెరుచుకున్నానన్నది మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.