నాలుగూ ఆరూ కలిసే చోట

నా చిన్నప్పుడు, క్రోసూరు దగ్గర మా ఊళ్లో, క్రిస్మస్ వస్తోందంటే చర్చి ముందు ఆడపిల్లల కోలాటం మొదలయ్యేది. ఆ కోలలంటే నాకు ప్రాణం. లెక్కలంటే ప్రాణసంకటం. అందులోనూ కనిష్ఠ సామాన్య గుణిజం, అదే క.సా.గు., అన్న మాట వింటే చాలు, పుస్తకం మూసేసేదాన్ని. నా చదువు చెడింది కోలాటం వల్లేనని మా నాన్న గట్టి నమ్మకం. ఈసారి పరీక్షలో లెక్కలు తప్పితే ఆ కోలలు పొయ్యిలో పెడతానన్నాడు. మా నాన్న ఊరికే మాట అనే మనిషి కాదు.

మాకు కోలాటం నేర్పేది పక్కింటి అక్క. టీచర్ ట్రైనింగ్ చదువుతూ సెలవులకి వచ్చింది. మమ్మల్ని రెండు వలయాలుగా నిలబెట్టింది. లోపలివాళ్లు ప్రతి మూడో దెబ్బకి బయటికి, బయటివాళ్లు ప్రతి నాలుగో దెబ్బకి లోపలికి తిరగాలి. ఇద్దరూ ఒకేసారి ఎదురుపడినప్పుడు కోలకి కోల తగలాలి. అది పన్నెండో దెబ్బకని నేనే ముందు పసిగట్టి, మూడు నాలుగులు పన్నెండు కదా అని గొప్పలు పోయాను. అక్క నవ్వి ఊరుకుంది. మర్నాడు లోపల నాలుగు, బయట ఆరు అని మార్చి, ఎప్పుడు కలుస్తారో చెప్పమని నన్నే అడిగింది. ఏమాత్రం తడుముకోకుండా ఇరవై నాలుగన్నాను. సరే చూద్దామంది.

డోలక్ మొదలైంది. ఇరవై నాలుగు దాకా నాకేం పని లేదన్న ధీమాతో తిరుగుతున్నాను. పన్నెండో దెబ్బకే ఎదుటి పిల్ల కోల వచ్చి నా వేళ్ల మీద పడింది. నొప్పికన్నా ఆశ్చర్యమే ఎక్కువైంది. తప్పు ఆ పిల్లదేనని మళ్లీ ఆడించాను. మళ్లీ పన్నెండుకే. వేళ్లు ఊదుకుంటూ, సగం దారిలోనే ఎట్లా కలిశామో చెప్పమని అక్క వెంటపడ్డాను.

అక్క మా రెండిళ్ల ముందు ఆగి మధ్యనున్న ఉమ్మడి గోడ చూపించింది.

"మీ గోడలు, మా గోడలు విడివిడిగా లెక్కేసి కలిపితే ఇది రెండుసార్లు పడదటే? నాలుగులో ఒక రెండుంది, ఆరులోనూ ఒక రెండుంది. ఉమ్మడిది ఒక్కసారే లెక్కెయ్యాల, అందుకే నీ ఇరవై నాలుగులో సగం."

ఆ సాయంత్రం నుంచి నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు. బిందె మీద ఓ చేత్తో ఆరు, ఇంకో చేత్తో ఎనిమిది వాయించేదాన్ని. చెవులు చిల్లులు పడుతున్నాయని అమ్మ తిట్టేది. నాకు మాత్రం ప్రతి జతా ఎక్కడ కలుస్తుందో చూడాలని ఒకటే ఆత్రం. పరీక్షలో ఆ లెక్క రానే వచ్చింది. బెంచీ కింద కాలి బొటనవేలితో దరువేసుకుంటూ చేసేశాను. లెక్కలు గట్టెక్కాయి, కోలలు దక్కాయి.

క్రిస్మస్ రోజు మా ఆట చూసి, ఇంటికొస్తూ నాన్న వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. ఏమంటాడోనని నాకు బెదురుగానే ఉంది. చివరికి నెమ్మదిగా అడిగాడు.

"ఏడూ తొమ్మిదీ పెడితే ఎప్పుడు కలుస్తయ్యే?"

అరవై మూడన్నాను. వాటికి ఉమ్మడి గోడ లేదని కూడా చెప్పాను. అంత దూరమా అని ఆయనకి నమ్మకం కుదరలేదు. నన్ను ఏడు వెయ్యమని, తను తొమ్మిదికి చప్పట్లు మొదలుపెట్టాడు. మధ్యలో ఒకసారి తప్పాడు. మళ్లీ మొదటినుంచి వేశాం. ఇల్లు వచ్చేసినా లెక్క ఇంకా తేలలేదు. అమ్మ అన్నానికి పిలుస్తున్నా నాన్న లోపలికి పోలేదు. మా చప్పట్లు ఒక్కటయ్యేదాకా గుమ్మం ముందే నిలబడ్డాడు. ఒక్కటయ్యాక ఆయన మొహంలో వచ్చిన నవ్వు నేను అంతకుముందు చూడనిది.

ఇప్పుడు నాకు అప్పటి ఆయన వయసు దాటింది. తెలియనిది ఏదైనా ఎదురైతే నాకు భయం వెయ్యదు. ఆ సంగతేదో తేలేదాకా గుమ్మం దాటి లోపలికి పోబుద్ధి కాదు, అంతే.