ఏసీకి నీడ కట్టిన మామగారు

మా మామగారు పోయారు. అందరికీ ఫోన్లు చేసి కబురు చెప్పీ చెప్పీ గొంతు పోయింది. ఏడవడానికీ ఓపిక లేదు. అందుకే ఇలా రాస్తున్నాను.

ఈ బెంగాలీ నగరంలో, వాట్‌గంజ్ పేటలో మాది రెండో అంతస్తు. పక్షవాతంతో అత్తగారి కుడివైపు పడిపోయాక, ఉక్కకి ఊపిరాడక ఆవిడ విలవిల్లాడుతుంటే ఆ గదికి ఏసీ పెట్టించాం. దాని బయటి పెట్టె పడమటి వరండాలో ఉంది, మధ్యాహ్నం నుంచి ఎండంతా దాని మీదే. అది మొరాయిస్తే ఈవిడ గతేమిటని మామగారి బెంగ. మొదటి వేసవిలోనే పెట్టె చుట్టూ టార్పాలిన్ కప్పి, తాడుతో బిగించేశారు. గాలాడక ఏసీ ఆగిపోయింది. అత్తగారు చెమటతో తడిసిపోయారు. బాగుచెయ్యడానికొచ్చిన బెంగాలీ మెకానిక్ తల పట్టుకున్నాడు.

"నీడ వెయ్యండి కాకూ, మూత పెట్టకండి. వేడిగాలి పోవాలి కదా!"

అప్పటినుంచి పెట్టెకి తగలకుండా, పైన ఎత్తుగా వెదురు తడిక కట్టేవారు. కాలబైశాఖి గాలివానకి అది ఎగిరి పక్కింటి డాబా మీద పడితే, "దాదా, మా తడిక" అంటూ వెళ్లి తెచ్చుకునేవారు. మా ఆయనకి చిరాకు.

"ఆ నీడకి కరెంటు పెద్దగా మిగలదు నాన్నా. ఎందుకీ అవస్థ?"

"మిగలకపోతే పోనీరా. నీడేస్తే మనకి పోయిందేటి?"

మొండివాడు రాజుకన్నా బలవంతుడు. ఎంత మిగిలిందో నాకిప్పటికీ తెలీదు. మెకానిక్‌ని అడిగితే రెండు వేళ్ల మధ్య కాస్త సందు చూపించాడు.

ఆ చల్లటి గదిలో మాత్రం ఆయన కూర్చునేవారు కాదు. మోకాళ్లు పట్టేస్తాయని వరండాలోనే, పెట్టె వదిలే వేడిగాలి పక్కనే, విసనకర్రతో ఉండేవారు. అత్తగారు పిలిచి పిలిచి విసిగిపోయేవారు. "నీడ దానికీ, ఎండ మీకూనా మావయ్యా?" అని నేను ఎగతాళి చేస్తే నవ్వేసేవారు.

పోయిన రోజు తడిక కట్టి లోపలికొచ్చి, "అలిసిపోనానే, కాసేపు ఇక్కడ కూకుంటాను" అన్నారట. మంచం పక్క కుర్చీలో కూలబడి, ఆవిడ కుడిచేతిని తన చేతిలోకి తీసుకుని కళ్లు మూసుకున్నారట.

నేను టీ పట్టుకెళ్లేసరికి అత్తగారి మొహం వెలిగిపోతోంది.

"అలికిడి సెయ్యకమ్మా, మీ మావ తొంగున్నాడు. ముట్టుకుంటే సెయ్యి సల్లగుంది. ఏసీ సలవ పడనేదు, పాపం."

పనిచేసే ఆ ఒక్క చేత్తోనే తన దుప్పటి కొస లాగి ఆయన చేతి మీద కప్పి, జారిపోకుండా అదిమి పట్టుకుని ఉన్నారు.