ఏడు దెబ్బల కానుకల పాట

మా క్వయర్ మాస్టర్ గారు ఇక లేరని వాళ్ళావిడే నాకు ఫోన్ చేసి చెప్పారు. పొద్దున్నే బియ్యం కడుగుతున్నాను. "బిడ్డా, మాస్టర్ నిద్రలనే పోయిండు. పాటలు నువ్వే చూస్కోవాలె," అన్నారు. మేము అమ్మగారు అని పిలిచే ఆవిడ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. హాజరు పిలిచినట్టు చెప్పి పెట్టేశారు.

మాస్టర్ గారు పగలు గన్‌ఫౌండ్రీలో బ్యాంకు గుమస్తా. నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో కిరాయి ఇల్లు. శనివారం సాయంత్రాలు, ఆదివారం ఉదయాలు మాత్రం అబిడ్స్‌లో మా చర్చి ఆర్గాన్ దగ్గరే ఉండేవారు. పదో తరగతి అయ్యాక నేను క్వయర్‌లో చేరాను. ఇప్పుడు నాకు యాభై. ఇన్నేళ్ళూ నా గొంతుకు దారి చూపింది ఆయనే. ఆయన గురించి నెమ్మదిగా రాద్దామనే కూర్చున్నాను. కానీ ముందు కోపం సంగతి రాయకపోతే చెయ్యి సాగడం లేదు.

భూస్థాపన ఆరాధనలో మా సంఘ కార్యదర్శి సాక్ష్యం చెప్పడానికి లేచారు. "మన మాస్టర్ గారు యౌవనంల లోకసంగీతంల కొట్టుకపోయిన్రు. రాక్ సంగీతం! జులపాలు, తాగుడు! ఒకనాడు ప్రభువు ఆయన చెయ్యి పట్టిండు. ఆ రికార్డులన్ని విడిచిపెట్టి ఈ మందిరానికి వచ్చిన్రు," అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు.

నా పక్కన అమ్మగారు తెల్లచీర కొంగు నోటి మీంచి తీసి, రెండు బెంచీల వరకు వినబడేలా అన్నారు: "తాగుడా? ఇరానీ చాయ్ తప్ప ఏం తాగిండు ఈయన? విడిచిపెట్టుడేంది? మొన్న ఆదివారం గూడ సోఫా నిండా ఆ రికార్డులే. నేను కూసోనీకి జాగ లేకుండె!"

మనలో ఒక అలవాటు ఉంది. పోయినవారి గురించి సాక్ష్యం చెప్పాలంటే, ముందు వారిని బురదలో దింపాలి, తర్వాత ప్రభువు చేత పైకి లాగించాలి. బురద లేకపోతే ఎక్కడినుంచో తెచ్చి మరీ పూస్తారు. దేవునికి మహిమ రావాలంటే ఒక మంచి మనిషిని తాగుబోతును చేయాలా? అబద్ధమాడవద్దన్న ఆజ్ఞ దేవుని మందిరంలో చెల్లదా? మోకాళ్ళ మీద ఉండి ఇదే అడిగాను. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను.

ఆ సంగీతం పేరు ప్రోగ్రెసివ్ రాక్. రాక్ అంటే ఒట్టి హోరు అనుకునేదాన్ని నేనూ. ప్రాక్టీసులో పాటకూ పాటకూ మధ్య మాస్టర్ గారు దాని చరిత్ర చెప్పేవారు, ఆదివారం బడిలో కథ చెప్పినట్టు. అరవైల చివర ఇంగ్లండులో కొందరు కుర్రవాళ్ళు మూడు నిమిషాల ప్రేమపాటలతో విసిగిపోయారట. చర్చి ఆర్గాను, కీర్తనలు వింటూ పెరిగినవాళ్ళు వాళ్ళలో చాలామందే ఉన్నారట. రికార్డుకు ఒక వైపంతా ఒకే పాట చేశారట. ఆ పాటలో మలుపులు, మౌనాలు, మళ్ళీ మొదటి రాగానికి రావడాలు.

"ఒకాయన ఆర్గాన్ మీటల నడుమ కత్తులు గుచ్చేటోడు, తెల్సా?" అన్నారొకసారి.

"అంత కోపమెందుకు మాస్టర్ గారూ?"

"కోపం గాదు బిడ్డా. మీట పైకి లేవొద్దు, స్వరం ఆగొద్దు. గంతే."

ఆయన దగ్గర కత్తి లేదు. కానుకల కవరు మడిచి మీటల సందులో దూర్చేవారు. పాస్టర్ గారి ప్రార్థన ఎంత పొడుగు సాగినా దాని కింద ఒక స్వరం సన్నగా మోగుతూనే ఉండేది. పైన గాలి ఎక్కడినుంచో వీస్తోందని అనుకునేవారు జనం.

ఇంకొక పాటగాడు నక్క తల తగిలించుకుని, భార్య గౌను తొడుక్కుని స్టేజి ఎక్కాడని చెప్పినప్పుడు ఆడపిల్లలం పడీ పడీ నవ్వాం. మాస్టర్ గారికి నిజంగానే కోపం వచ్చింది. "ఏందా నవ్వు? బోనాలకు పోతరాజు వస్తే దారి ఇచ్చి నిలబడ్తరు. ఆయన జేస్తే పిచ్చా? కథ జెప్తున్నడు, ఆ కథల వేషం గట్టిండు!"

ఆ కాలంలో ఒక యంత్రం ఉండేదట. ప్రతి మీట కింద ఒక టేపు ముక్క, దాని మీద ముందే రికార్డు చేసిన మనుషుల గొంతులు. మీట నొక్కితే క్వయర్ పాడుతుంది, కానీ ఎనిమిది సెకన్లే. తర్వాత టేపు అయిపోతుంది. చరణం మధ్యలో మేము ఊపిరి వదిలేస్తే ఆయన ఆర్గాన్ ఆపి, "మీరేమన్న ఎనిమిది సెకన్ల మిషిన్లా? ఊపిరి దీస్కోండ్రి, పాడుండ్రి," అని గద్దించేవారు.

పదేళ్ళు తిరక్కుండానే ఆ పాటలను ఆ దేశంలోనే వెక్కిరించారట. పొడుగన్నారు, డాబన్నారు. వాళ్ళు వద్దనుకున్న రికార్డులు ఎన్ని చేతులు మారాయో, కొన్ని అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల పక్కకు చేరాయి. ఆరాధన అవగానే మాస్టర్ గారు టై కూడా విప్పకుండా అక్కడ గొంతుక్కూర్చునేవారు. ఒక పెద్దమనిషి చూసి, "ఆదివారం పూట బేరాలా మాస్టరూ?" అని దెప్పితే, "బేరమాడలేదయ్యా, అడిగినంత ఇచ్చిన," అన్నారు.

ఆయనకు ఆ పాటల మీద గుడ్డి ప్రేమేం లేదు. "కొన్నిటికి యాడ ఆగాల్నో తెల్వది," అని ఆయనే అనేవారు. "నచ్చలేదంటే నచ్చలేదను బిడ్డా. పొడుగున్నదని మాత్రం అనకు. పొడుగు తప్పు గాదు."

అందుకే చరణాలు ఎగరగొట్టడం అంటే ఆయనకు ఒళ్ళు మండేది. కార్యదర్శి గారు ముందు బెంచీలోంచి రెండు వేళ్ళు చూపించేవారు. మొదటి చరణం, చివరి చరణం, చాలు అని అర్థం. మాస్టర్ గారు వెంటనే కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకునేవారు. "అద్దాలు లేకుంటే నాకు వేళ్ళు కనబడయి," అనేవారు మాతో. అన్ని చరణాలూ పూర్తయ్యాకే ఆ అద్దాలు మళ్ళీ ముక్కు మీదికి వచ్చేవి.

ఇక మా కానుకల పాట. ఇరవై ఏళ్ళుగా ప్రతి ఆదివారం జనం డబ్బు వేసే కానుకల సంచి బెంచీల మధ్య తిరుగుతున్నప్పుడు పాడుతున్నాం. దాని తాళం నాలుగు దెబ్బలది కాదు, ఏడు దెబ్బలది. మూడు, నాలుగు. మూడు, నాలుగు. ఆ రికార్డులు వినీ వినీ ఆయనే కట్టిన రాగం. "ఏడు లెక్క నాకు వాళ్ళ దగ్గర దొరికింది. తర్వాత తెల్సింది, మన మృదంగపోళ్ళు ఎప్పటిసందో మిశ్రచాపు అంటున్నరని," అని నవ్వేవారు. బీరకాయలు తరుగుతూ, కోఠి బస్టాపులో నిలబడి, వేళ్ళ మీద నేర్చుకున్నాను దాన్ని.

జనం మాత్రం మామూలుగా రెండు దెబ్బలకొకటి చొప్పున చప్పట్లు కొట్టేవారు. మొదట్లో నేను బెదిరిపోయాను. "వాళ్ళని ఆపమనండి మాస్టర్ గారూ, తాళం తప్పుతోంది."

"ఆపకు. ఏడు బేసి గదా, ఒక చుట్టు తప్పుతరు, ఇంకో చుట్టుకు వచ్చి కలుస్తరు. నువ్వు ఉరకకు, ఆగకు."

నెల తర్వాత స్మారక కూడిక పెట్టారు. గుమ్మం దగ్గర ఆయన ఫోటో ఉన్న కార్డు పంచుతున్నారు. "లోకసంగీతమును విడిచి ప్రభువును వెంబడించిన సేవకుడు" అని ఫోటో కింద అచ్చు వేయించారు. అమ్మగారు కార్డు నా చేతిలో పెట్టారు. "ఇగ ఇదే నిజమైతది బిడ్డా. మనుమలు గూడ ఇదే చదువుతరు. నేను లేస్తే ఏడుస్త. నువ్వు చెప్పు."

ఈలోగా కార్యదర్శి గారు వచ్చి, "సిస్టర్, ఒక్క పాట. రెండు చరణాలు చాలు. కింద బిర్యాని దించిన్రు," అన్నారు.

నేను మైకు ముందు నిలబడ్డాను. పాడటమే తప్ప ఎన్నడూ అక్కడ మాట్లాడలేదు. "మాస్టర్ గారు ఆ సంగీతం విడిచిపెట్టలేదు," అన్నాను.

"వినబడతలేదు సిస్టర్!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

మైకు దగ్గరికి లాక్కున్నాను. "మాస్టర్ గారు తాగలేదు. ఆ సంగీతమూ విడిచిపెట్టలేదు. మనం ప్రతి ఆదివారం పాడే కానుకల పాట ఆ సంగీతమే. దానితోనే ఇరవై ఏళ్ళుగా దేవుణ్ణి స్తుతిస్తున్నాం. అది పాపమైతే మనమందరం చేశాం. కార్డు మీద రాసింది నిజం కాదు."

ఎవరూ ఆమేన్ అనలేదు. కార్యదర్శి గారి మొహం ఎర్రబడింది. "పాట కానియ్యుండ్రి సిస్టర్," అన్నారు.

కానిచ్చాం. ఆర్గాన్ దగ్గర ఎవరూ లేరు. మడిచిన కవరు ఒకటి ఇంకా మీటల సందులోనే ఉంది. ఉట్టి గొంతులతోనే ఎత్తుకున్నాం. పాట రెండో పాదానికల్లా సంఘమంతా అందుకుంది. నిజం చెప్పాలంటే, ఆ పాటలో ఎప్పుడూ అందరికంటే గట్టిగా వినబడేది కార్యదర్శి గారి గొంతే. ఆ రోజూ అలవాటుగా లేచింది. కాసేపటికి తానేం పాడుతున్నారో గుర్తొచ్చిందేమో, ఆగిపోయి, రెండు వేళ్ళు ఎత్తి చూపించారు.

నేను కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాను.

ఇక నాకు మొహాలు లేవు, వేళ్ళు లేవు. తెల్లచీరలు, చొక్కాలు కలిసిపోయి మసక మసకగా ఉంది. చప్పట్లు మొదలయ్యాయి, రెండుకొకటి చొప్పున. ఒక చుట్టు తప్పాయి. మేము ఉరకలేదు, ఆగలేదు. మూడో చరణంలోకి దాటుతుండగా ఆ చప్పట్లు తిరిగి వచ్చి, మందిరమంతా ఒక్క చెయ్యి అన్నట్టు, మా మొదటి దెబ్బ మీద పడ్డాయి.