త్రాసుగారి కార్డుల పరీక్ష

తూనికలు కొలతల శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసిన మనిషికి లోకం మీద నమ్మకం మిగలదు. త్రాసుగారికి అది అసలు మొదట్నుంచీ లేదంటుంది ఆయన భార్య. తక్కెడ కింద అంటించిన అయస్కాంతాలు, లోపల తొలిచి బోలు చేసిన గుండ్లు, ఖాళీగా ఉన్నప్పుడే పది గ్రాములు చూపించే కాటాలు ఆయన వందలకొద్దీ పట్టుకున్నారు. త్రాసుగారు అన్న పేరు బజారులో దుకాణదారులు భయంతో పెట్టింది. ఉద్యోగం అయిపోయినా పేరు ఉండిపోయింది.

ఇంట్లో ఇప్పటికీ పాల ప్యాకెట్లు తూచి గానీ లోపలికి రానివ్వరు. ఒకసారి మాత్రల సీసాలో వంద ఉండాల్సిన చోట నూటొకటి ఉన్నాయి. "ఎక్కువెందుకు ఇచ్చాడు? వాడికేం అవసరం?" అని ఆ పూటంతా ఆయనకి ముద్ద దిగలేదు. దేవుడు ప్రత్యక్షమైనా ముందు గుర్తింపు కార్డు చూపించమంటారని భార్య ఎద్దేవా చేస్తుంది. ఆయన కాదనరు. చూపిస్తే పోయేదేముంది మరి?

అలాంటి మనిషి కూతురు, అల్లుడు కలిసి ఓ చిన్న ఆఫీసు నడుపుతున్నారు. కట్టబోయే ఇళ్ళని ముందే కంప్యూటరులో కట్టి, గది గదికీ నడుస్తున్నట్టు వీడియో చేసి ఇవ్వడం వాళ్ళ పని. ఆ వీడియోలు తయారుచేసే గ్రాఫిక్స్ కార్డులు ఆరు మెషీన్లకీ కొత్తవి కావలసివచ్చాయి. మార్కెట్లో రెండు కంపెనీలు నువ్వా నేనా అంటున్నాయి. ఒకటి నల్ల డబ్బాలో వస్తుంది, రెండోది తెల్ల డబ్బాలో. అల్లుడు నల్లదే మేలన్నాడు. పని ఇంచుమించు ఒకటేనట, కానీ నల్లది కరెంటు తక్కువ తింటుందట, ఫ్యాను మోత కూడా తక్కువట.

"తక్కువ తిని, నోరెత్తకుండా ఎక్కువ పని చేసేది మా ఆవిడ తర్వాత ఇదే కాబోలు," అన్నారు త్రాసుగారు. అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్యే అల్లుడు, నల్ల కార్డుల డీలరు తన చిన్నప్పటి స్నేహితుడని మామూలుగా చెప్పాడు. త్రాసుగారి చెవులు నిక్కబొడుచుకున్నాయి.

భోజనాలయ్యాక కూతుర్ని పక్కకి పిలిచారు.

"అతన్ని నేనేమీ అనడం లేదమ్మా. కానీ కొనేవాడూ అమ్మేవాడూ ఒకే బెంచీ మీద చదువుకుంటే తక్కెడ ముల్లు ఎటు వంగుతుందో నాకు తెలుసు."

"ఆయన అలాంటివాడు కాదు నాన్నా."

"అలాంటివాడని నేనన్నానా? పరీక్ష పెట్టమంటున్నాను, అంతే."

ఆమె ఒప్పుకుంది. కానీ ఆ మాట చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది. ఏ కార్డు కొన్నా ఆమెకి బాధ లేదు. మొగుడు తనతో అబద్ధమాడలేదని తేలితే చాలు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో అలా తేల్చుకోవాల్సిన అవసరం ఆమెకి ఎప్పుడూ రాలేదు.

పరీక్ష రోజు పొద్దున్నే త్రాసుగారు గోధుమరంగు కాగితం, జిగురు సీసా, భూతద్దం పట్టుకుని ఆఫీసుకి వచ్చారు. పరీక్షకని రెండు రకాలూ ఒక్కోటి తెప్పించి ఉంచారు. తెల్ల డబ్బా మీద 'రెట్టింపు వేగం' అని బారెడు అక్షరాల్లో ఉంది, పక్కన చిన్న చుక్క. ఆ చుక్క గుట్టు డబ్బా అడుగున చీమతలకాయంత అక్షరాల్లో దొరికింది: ఐదేళ్ళ కిందటి తమ సొంత కార్డుతో పోలిస్తే. "ముసలాడితో పరుగు పెట్టి గెలిచారన్నమాట," అని ఆయన డబ్బా పక్కకి నెట్టారు. నల్ల డబ్బా మీద ఏ గొప్పా రాసి లేదు. అది ఆయనకి ఇంకా అనుమానంగా తోచింది.

ఒకే రకం మెషీన్లు రెండు తీసుకున్నారు. ఎడమదాంట్లో తెల్ల కార్డు, కుడిదాంట్లో నల్ల కార్డు అల్లుడే బిగించాడు. మధ్యలో ఎవరూ మూత తియ్యకుండా త్రాసుగారు కాగితం ముక్కలు అంటించి, ఒక్కోదాని మీదా సంతకం చేశారు. కుడి మెషీనుకి వెనక మరలమీద అంటించారు. ఎడమది గోడకి ఆనుకుని ఉంది, చెయ్యి వెనక్కి వెళ్ళలేదు. అందుకని ముందు వైపునే, మూత అంచు నుంచి జాలీ మీదుగా, పొడుగాటి ముక్కలు నాలుగు వేశారు. ఒకే ఇంటి వీడియోని రెండు మెషీన్లకీ ఒకేసారి ఇచ్చారు.

నల్ల కార్డు ముప్ఫై మూడు నిమిషాల్లో ముగించింది. తెల్లదానికి నలభై ఒకటి పట్టింది.

"ఇంత తేడానా!" అన్నాడు అల్లుడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. త్రాసుగారికి ఆ ఆశ్చర్యం కూడా ముందే నేర్చుకొచ్చినట్టు అనిపించింది.

"అల్లుడుగారూ, కాటా నిజం చెప్తోందో లేదో తెలియాలంటే సరుకునీ గుండునీ పళ్ళాలు మార్చి తూచాలి. మీరు కార్డులు అటూ ఇటూ మార్చండి."

అల్లుడి మీద అనుమానం వచ్చినప్పుడల్లా ఆయన 'బాబూ' మాని 'అల్లుడుగారూ, మీరు' అంటారు. అది అల్లుడికీ తెలుసు. సీళ్ళు చించి కార్డులు మార్చాడు. త్రాసుగారు మళ్ళీ అవే చోట్ల కొత్త సీళ్ళు వేశారు.

ఈసారి తెల్ల కార్డు ముప్ఫై నాలుగు నిమిషాల్లో ముగించింది. నల్లది నలభై రెండు దాకా ఈడ్చింది.

త్రాసుగారు కుర్చీలోంచి లేచారు. పాత రోజులు తిరిగొచ్చినట్టు ఆయన మొహం వెలిగింది.

"తేడా కార్డుల్లో లేదు, మెషీన్లో ఉంది! ఎడమదాన్ని ఎవరో కుంటిదాన్ని చేశారు. పొద్దున తెల్ల కార్డుని ఏరి కోరి అందులోనే పెట్టారు."

కూతురు మొగుడి వైపు తిరిగింది.

"నువ్వేమైనా చేశావా?"

అడిగేసింది. అల్లుడు ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఎడమ మెషీను మీద ఆనించాడు. చురుక్కుమనేసరికి ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. అప్పుడు వంగి ముందు వైపు చూసింది. జాలీ కన్నాలు ముప్పాతిక వంతు మూసేసి నాలుగు గోధుమరంగు కాగితాలు.

"నాన్నా, గాలి లోపలికెళ్ళే దారిది. వేడెక్కితే ఏ కార్డైనా తనంతట తనే నెమ్మదిస్తుంది. ఇవి మీ సంతకాలే."

త్రాసుగారు వంగి సంతకాలు చూసుకున్నారు. ఎందరి దుకాణాల్లోనో దొంగ కాటాలు పట్టుకున్న మనిషి, తన చేత్తోనే ఒక దొంగ కాటా తయారుచేసి పెట్టారు. సిగ్గుతో తల వాల్చేశారు.

"మీరు గమనించలేదా అల్లుడుగారూ?"

"రెండోసారి సీళ్ళు వేసేటప్పుడే చూశాను మామయ్యగారూ."

"మరి చెప్పొచ్చుగా!"

"చెప్తే సీలు పీకడానికి సాకు వెతికాననేవారు," అన్నాడు అల్లుడు. గొంతులో కోపం లేదు. ఉంటే త్రాసుగారికి కాస్త తేలికయ్యేది.

ఆయనే వంగి నాలుగు కాగితాలూ గోటితో గీకి తీశారు. మూడోసారి పరీక్ష మొదలైంది. ఈసారి మెషీన్ల వైపు వెళ్ళలేదు, కాపలా కూర్చోలేదు. గదికి ఆ చివర కిటికీ దగ్గర కాగితం, కలం పట్టుకుని కూర్చున్నారు. పని ముగిసిందని గంట మోగితే అల్లుడు తెరలు ఆయన వైపు తిప్పబోయాడు.

"వద్దు బాబూ. నువ్వు చదువు, నేను రాసుకుంటాను."

"నల్లది ముప్ఫై మూడు. తెల్లది ముప్ఫై నాలుగు. కరెంటు నల్లదే తక్కువ తీసుకుంది."

త్రాసుగారు తలెత్తకుండా రాశారు. ఒకరి నోటి మాట మీద అంకె రాసుకోవడం ఆయన జీవితంలో అదే మొదలు. కింద సంతకం చేస్తుంటే అల్లుడు ఆయన పక్కనే వచ్చి నిలబడ్డాడు. ఇద్దరికీ గుండె బరువు దిగింది.

అప్పుడు కూతురు లేచింది. రెండు మెషీన్ల దగ్గరికీ వెళ్ళి, వంగి, ఒక్కో తెర మీద అంకె తన కళ్ళతో చూసుకుంది. కరెంటు లెక్క కూడా చూసింది.

"సరిగ్గానే ఉన్నాయి," అంది.

చూడమని ఆమెని ఎవరూ అడగలేదు.