బురదలో అడవి వరి

వానలు తగ్గాక వదినను చూడడానికి వెల్దుర్తి వెళ్ళాను. నేను నరసరావుపేటలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. ఇద్దరం పత్తి చేనుకు నడుస్తుంటే, దారిపక్క కుంటలో వరిలాంటి గడ్డి కనిపించింది. గింజగింజకూ వేలెడు పొడవు ఎర్రటి ముల్లు. అడవి వరేనని తెలిసిపోయింది. కానీ అందులో రెండు రకాలు. ఒకటి ఏటేటా గింజ నుంచి మొలిచి, కుంట ఎండేసరికి చచ్చిపోతుంది. ఇంకొకటి తీగలా పాకి ఏళ్ళ తరబడి బతుకుతుంది. వేరు చూస్తేగాని ఏదో తేలదు.

చెప్పులు విడిచి దిగాను. నాలుగడుగులు వేశానో లేదో మోకాళ్ళదాకా దిగబడ్డాను. ఒక కాలు లాగబోతే రెండోది ఇంకా లోతుకు పోయింది. నల్లరేగడి తొడలదాకా పట్టేసింది.

"ఏందమ్మాయ్, అట్టా నిలబడిపోయావు?" గట్టు మీద నుంచి వదిన అరిచింది.

"కాళ్ళు రావట్లేదు వదినా!"

"కదలమాక! కదిలేకొద్దీ లోపలికి పోతావు. మనుషుల్ని పిలుచుకొస్తా ఉండు."

ఆమె చేల వైపు పరుగెత్తింది. నేనొక్కదాన్నే మిగిలాను. గట్టు మీద సంచిలో ఫోను మోగి మోగి ఆగిపోయింది. పాదాలు నావి కావన్నట్టు మొద్దుబారాయి. ఊపిరి గట్టిగా తీసుకున్నా దిగిపోతానేమోనని భయం.

చేతికందేది ఆ గడ్డి ఒక్కటే. కంకి ముట్టుకుంటే చాలు, గింజలు జలజల రాలిపోయాయి. బురదలోకి చెయ్యి పోనిచ్చి దుబ్బు మొదలు తడిమాను. పాకే తీగ లేదు, కణుపుల దగ్గర వేళ్ళు లేవు. పీచులాంటి వేళ్ళ గుత్తి మాత్రమే. ఏడాదికి చచ్చిపోయే రకమే! ఆ భయంలోనూ నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

వదిన, పక్క చేను ఆయన నిరుటి పత్తికట్టె మోపులు మోసుకొచ్చి బురద మీద పరిచారు.

"బోర్లా పడుకో తల్లీ, నిదానంగా కాళ్ళు లాక్కో" అన్నాడాయన.

పుల్లలు గీరుకుంటుండగా, పెరికిన దుబ్బును వదలకుండా పాక్కుంటూ గట్టెక్కాను.

"నీకేమన్నా అయితే మీ అన్నకి నేనేం చెప్పాలే?" అంటూ వదిన వీపున ఒక్కటేసి, కొంగుతో నా మొహం తుడిచింది.

దుబ్బును పాత పేపర్ల మధ్య ఆరబెట్టి కాలేజీకి తీసుకెళ్ళాను. పిల్లలు దాని వేళ్ళు చూస్తుంటే నేను బల్ల కింద పాదాలు కదిపి చూసుకున్నాను. చానాళ్ళు ఆ అలవాటు పోలేదు.