సాయంత్రం బొమ్మ

కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయి, కట్టు విప్పించుకుని ఇంటికి వచ్చిన రోజు హాల్లో గోడమీది బొమ్మను ఎవరో మార్చేశారనుకున్నాను.

అది మా బందరు దగ్గరి గిలకలదిండి చేపల హార్బర్ బొమ్మ. కాలేజీ లైబ్రరీలో నా ఉద్యోగం చివరి రోజుల్లో, గుడివాడలో ఒక స్కూలు హాల్లో పెట్టిన ప్రదర్శనలో కొన్నాను. వేసింది దివిసీమలో పనిచేసి రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. ఒడ్డు చేరిన బోట్లు, ఖాళీ బుట్టల పక్కన కూర్చున్న ఆడవాళ్ళు, అన్నిటిమీదా పల్చటి పసుపు ఎండ. దానికెదురుగా కూర్చుని కాఫీ తాగడం నాకు అలవాటు. చదివిన నవలైనా, చూసిన సినిమా అయినా దాని ముందే మనసులో ఇంకోసారి తిరిగేది.

ఇప్పుడు ఆ ఎండ లేదు. ఆకాశం, నీళ్ళు, బోట్ల నీడలు అంతా నీలం. చేపలమ్ముకుని అలిసి కూర్చున్న ఆడవాళ్ళు కాస్తా, తెల్లవారకముందే వచ్చి బోట్ల కోసం ఎదురుచూస్తున్నవాళ్ళలా ఉన్నారు.

"ఏవండీ, ఈ బొమ్మని ఏమైనా చేశారా?"

"నేనేం చేస్తాను? దాని దుమ్ము కూడా నువ్వే దులుపుకుంటావు గదా," అన్నారు మావారు.

కుడికన్ను మూసి చూశాను. ఎండ వచ్చింది. ఎడమకన్ను మూశాను. పోయింది.

మర్నాడు డాక్టరుగారిని అడిగితే నవ్వారు. "శుక్లం పసుపు అద్దం లాంటిదండీ. మెల్లగా ముదురుతుంది కాబట్టి మనకు తెలీదు. మీ ఎడమకంట్లో ఇంకా ఉంది."

బందరు థియేటర్లలో తెర మసకగా ఉందని ప్రతి సినిమాకీ సణిగేదాన్ని. అల్మారాలో పుస్తకాలు పాతబడి కాగితం పసుపెక్కిందని బాధపడేదాన్ని. తీసి చూస్తే చాలావాటి కాగితం తెల్లగానే ఉంది. అదంతా నవ్వుకోదగ్గదే. బొమ్మ దగ్గర మాత్రం నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ నేను ఇష్టపడింది ఆయన వేసినదాన్నా, నా కంట్లో మసకనా?

ఆదివారం చర్చి నుంచి వచ్చాక బొమ్మను దుప్పట్లో చుట్టుకుని మావారితో కలిసి మాస్టారు ఉండే అవనిగడ్డకి బస్సెక్కాను. మాస్టారు వరండాలోనే ఉన్నారు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నారు.

"మాస్టారూ, ఇది పొద్దున్నా, సాయంత్రమా?"

ఆయన బొమ్మను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశారు. "సాయంత్రమేనమ్మా. కానీ ఇంత నీలం ఎందుకు వేశాను?"

"అప్పుడు మీ కళ్ళు బావున్నాయా ఏంటి?" అన్నారు ఆవిడ. "నా తెల్లచీరని గంధం రంగు చీర అనేవారు."

మాస్టారు తల ఊపారు. "నిజమే. హార్బరు చూసొచ్చి, ఇంట్లో గుర్తున్నదాన్నిబట్టి వేశాను. నీలం ఎంత కలిపినా చాలినట్టు ఉండేది కాదు. నాకు ఆపరేషన్ ఆ తర్వాతే అయింది." బొమ్మ మీంచి తలెత్తి అడిగారు. "మీకు ఎండ కనిపించిందా?"

"కనిపించిందండీ. బుట్టల అంచులమీద ఇంకాస్త ఎక్కువగా."

"అక్కడే పడింది ఎండ!" అన్నారు. "ప్రదర్శనలో చూసినవాళ్ళంతా చల్లగా ఉందండీ అన్నారు. ఎండ అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఉంచి వెళ్ళండమ్మా, సరిచేసిస్తాను."

"వేయించుకో, ఇంత దూరం వచ్చాం గదా," అన్నారు మావారు.

"వద్దండీ," అన్నాను. అందులో సరిచేయాల్సిందేదో ఉందని నాకు అనిపించలేదు. ఆ సాయంత్రాన్ని శుక్లం పట్టిన కళ్ళతో ఆయన ఎలా చూశారో నేనూ అలాగే చూశాను. అది నా ఒక్కదాని మసకేమీ కాదు.

మాస్టారు బొమ్మను నా వైపు తిప్పారు. "అయితే ఒక్కసారి ఎడమకంటితో చూసి చెప్పండి. నీళ్ళెలా ఉన్నాయి?"

కుడికన్ను చేత్తో మూసుకుని చెప్పడం మొదలుపెట్టాను. నీళ్ళు తేనె కలిసినట్టున్నాయన్నాను. బోట్ల నీడలు ఆకుపచ్చగా ఉన్నాయన్నాను. ఒకామె భుజం మీద ఎండ ఆగి ఉందన్నాను. రెండు కళ్ళూ బాగైన ఆయన తన బొమ్మ సంగతి నా నోట వింటూ కూర్చున్నారు. ఆవిడ గ్లాసులు తీయడం కూడా మరిచిపోయారు.

నెల తిరిగాక రెండో కంటికీ ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఏ కన్ను మూసినా బొమ్మలో ఎండ రాలేదు. మాస్టారు ఫోన్ చేశారు.

"ఎలా ఉందమ్మా?"

"హాయిగా చదువుకుంటున్నానండీ. మబ్బు పట్టినా లైటు అక్కర్లేదు."

"మంచిది. కళ్ళు అలిసిపోకుండా చదువుకోండి," అన్నారు. బొమ్మ సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.