పైడమ్మ అన్న మాట

1930ల నడుమ, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, నన్ను బిలాస్‌పూర్ కోర్టుకు తెలుగు ఇంటర్‌ప్రెటరుగా వేశారు. విజయనగరం, శ్రీకాకుళం వైపుల నుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబాలు అప్పటికే ఆ ఊళ్ళో పాతబడ్డాయి. వాళ్ళు కోర్టు మెట్లెక్కితే మేజిస్ట్రేటుకు వాళ్ళ భాష రాదు, వాళ్ళకు ఆయన భాష రాదు. మధ్యలో నిలబడేవాణ్ణి నేను. హోదా గుమాస్తాకు కాస్త పైన, పేష్కారుకు బాగా కింద. ప్రతి కేసులోనూ ముందు ప్రమాణం చేయాలి: విన్నది విన్నట్టు చెబుతాను, కలపను, తీయను. సాక్షి ఏడిస్తే ఆ ఏడుపును అనువదించనక్కర్లేదు. ఆ ఉద్యోగంలో ఉన్న వెసులుబాటు అదొక్కటే.

చేరిన కొద్ది వారాలకే రైల్వే ఆస్పత్రికి రమ్మని కబురొచ్చింది. పైడమ్మ అనే ఆవిడ తల పగిలి పడి ఉంది. భర్త పోయాక అక్క మహలక్ష్మి వాళ్ళ క్వార్టరు వెనక గదిలో ఉంటూ, లోకో షెడ్డులో డ్యూటీ చేసేవాళ్ళకు అన్నం కేరేజీలు మోసి బతికే మనిషి. ఆరేళ్ళ కూతురుంది. ఆ రోజు అక్కా బావా పిల్లను తీసుకుని కర్గీ రోడ్ అనే ఊళ్ళో పెళ్ళికి వెళ్ళారు. చావు దగ్గరపడ్డ మనిషి చెప్పేది మేజిస్ట్రేటు స్వయంగా రాసుకోవాలి. దాన్ని మరణ వాంగ్మూలం అంటారు. స్పృహ ఉందని ముందు డాక్టరు ధ్రువీకరించాలి, పోలీసులు గది బయటికి పోవాలి. అంతా పద్ధతిగానే జరిగింది. కొట్టిందెవరని అడిగిస్తే షెడ్డు ఖలాసీ అప్పన్న అని చెప్పింది. ఇంకేమైనా చెప్పాలా అని అడిగించారు. ఆమె చూపు మేజిస్ట్రేటును దాటి నా మీద ఆగింది.

"గుంటనొగ్గీకండి," అంది. మళ్ళీ అంది. ఆ తర్వాత పెదవులే కదిలాయి.

మా వైపు గుంట అంటే ఆడపిల్ల. ఒగ్గీడమంటే వదిలెయ్యడం. పిల్లను వదిలెయ్యకండి అంటోందని నేను హిందీలో చెప్పాను, ఆయన ఇంగ్లీషులో రాసుకున్నారు. ఆమె అన్న తెలుగు మాట మాత్రం ఏ కాగితం మీదికీ ఎక్కలేదు. సాయంత్రానికి ప్రాణం పోయింది.

విచారణలో వింతలేమీ బయటపడలేదు. అప్పన్న తాగి వచ్చి తనతో ఉండమన్నాడు. ఆమె కాదంది. గోడకు ఆనించి ఉన్న పలుగు అతని చేతికందింది. ఉరిశిక్ష వేశారు.

హిందీలో హత్యల పుస్తకాలు ఆ రోజుల్లో ప్లాట్‌ఫారం మీద వేరుశనక్కాయలతో పాటు దొరికేవి. నేనూ కొనేవాణ్ణి. రైలు ఆలస్యమైతే అంతకన్నా మంచి కాలక్షేపం లేదు. ఈసారి కొన్నది తెరిస్తే పైడమ్మ కేసే. చదువుతుంటే ఒళ్ళు మండింది. అందులో అప్పన్న నెలల తరబడి పథకం వేస్తాడు, వెన్నెల్లో నవ్వుకుంటూ పెరట్లో గొయ్యి తవ్వి సిద్ధంగా పెడతాడు. నేను చూసిన అప్పన్న చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని బోనులో ఆవులించిన మనిషి. పైడమ్మకైతే పేరే లేదు. "ఒక మద్రాసీ వితంతువు" అని ఒకచోట రాసి, ఆ పైన పేజీల కొద్దీ ఆమె జడా, ఆమె నడుమూ. కూతురి ఊసే ఎత్తలేదు. చివర్లో ఆమె చనిపోతూ, "నన్ను గొయ్యిలో వదిలెయ్యకండి" అంటుంది.

ఆ గొయ్యి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు వెంటనే తెలిసింది. ఆ రోజు వార్డులో ఉన్న కాంపౌండరుది గుంటూరు వైపు. అక్కడ గుంట అంటే గొయ్యే. "గుంటను" అని ఆమె అన్నది ఆయన చెవికి "గుంటన", అంటే గొయ్యిలో అని వినబడింది. కలిపి పలికితే రెండూ ఒకటే. నేను వెళ్ళి అడిగితే, పుస్తకం రాసిన ఆయనకు విన్నదే చెప్పానన్నాడు కాంపౌండరు. ఆయనది అబద్ధమని నేననను. ఒక్క కొమ్ము ఎగిరిపోయి పెరట్లో గొయ్యి పడింది.

నిజానికి మహలక్ష్మి వాళ్ళ పెరట్లో ఉన్నది ఇల్లు అలకడానికి మన్ను తీసిన చిన్న పల్లం. ఆదివారాలు జనం చూడ్డానికి రాసాగారు. తిఫ్రా నుంచి, చకర్‌భాటా నుంచి బళ్ళు కట్టుకుని వచ్చి, ఇంతేనా అని మొహం చిన్నబుచ్చుకుని పోయేవారు. కొన్నాళ్ళకు అలా అనడం మానేశారు. పల్లం లోతవుతోంది. చీలమండ దాకా ఉన్నది మోకాలి దాకా వచ్చింది. ఎవరు తవ్వుతున్నారో ఎవరూ చూడలేదు. తవ్విన మన్ను పక్కన ఎక్కడా కుప్పపోసి లేదు. పొద్దు వాలగానే ఆ క్వార్టర్ల లైనులో పెరటి తలుపులన్నీ మూసుకునేవి. పైడమ్మే కింది నుంచి తవ్వుకుంటోందని చెప్పుకునేవారు. నేనూ ఒకసారి వెళ్ళి చూశాను. అంచుల నిండా గోళ్ళతో గీరినట్టు చారలున్నాయి. నాకు భయమేసింది, తిరిగి చూడకుండా వచ్చేశాను.

ఆ రోజుల్లోనే, క్షమాభిక్ష అర్జీ కోసం అప్పన్న చెప్పేది అనువదించడానికి జైలుకు వెళ్ళాను. ఎవరో ఖైదీ అతనికి ఆ పుస్తకం చదివి వినిపించాడట. మనిషి మారిపోయాడు. నిటారుగా కూర్చున్నాడు, మాటకీ మాటకీ నడుమ నవ్వుతున్నాడు. ఆ నవ్వు పుస్తకంలోదే.

"గొయ్యి నానే తవ్వినాను బాబూ," అన్నాడు.

ఎంత లోతని వకీలు అడిగించాడు.

"పుస్తకంల ఎంత రాసినారు?" అన్నాడు అప్పన్న.

విన్నది విన్నట్టు చెప్పాను. వకీలు కలం కింద పెట్టేశాడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం మహలక్ష్మి మా ఇంటికి వచ్చింది. చేతిలో చెల్లెలి కేరేజీ. నా ముందు మూత తీసింది. అన్నం గిన్నె, పప్పు గిన్నె, కూర గిన్నె, అన్నిటి నిండా తడి మన్ను కూరి ఉంది.

"మా గుంట పనే ఇది బాబూ," అంది. "నాను కునుకు తీసినప్పుడల్లా పెరట్లోకి పోతంది. తవ్విన మన్ను ఇందుల మోసి పారబోస్తంది. తిండి మానీసింది. అమ్మ గడ్డేమే ఉందట, ఒగ్గీవద్దందట. తవ్వి తీసుకొస్తానంటాది."

గడ్డేమే అంటే హిందీలో గొయ్యిలో అని. వీధి పిల్లలు ఆ భాషలో చెప్పిన మాటలు అవి. మీ అమ్మ గొయ్యిలో ఉంది, వదిలెయ్యొద్దని బతిమాలింది, అయినా మీరు వదిలేశారు అని. "మా సెల్లి అలగే అందేటి బాబూ?" అని మహలక్ష్మి అడిగింది. అప్పుడు గానీ నాకు తట్టలేదు. కోర్టులో చదివింది ఇంగ్లీషు, వీధిలో తిరిగింది హిందీ. పైడమ్మ మాట పైడమ్మ భాషలో ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. పిల్ల దగ్గరే చెబుతాను పద అని చొక్కా తగిలించుకున్నాను.

క్వార్టర్ల లైనంతా భోంచేసి పడుకుంది. పెరట్లో మనిషి కనిపించలేదు. నేలలోంచి గీకుతున్న చప్పుడు వస్తోంది. దగ్గరికి వెళితే గొయ్యిలో చిన్న తల కనిపించింది. పిల్ల లోపల కూర్చుని ఇనప గరిటెతో తవ్వుతోంది. బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. మమ్మల్ని చూసి కూడా ఆపలేదు. "ఇంకా కిందున్నాది," అంది, మాతో కాదు.

అంచున చతికిలబడ్డాను. ఆస్పత్రిలో మీ అమ్మ పక్కన నేనున్నానన్నాను. మీ అమ్మ హిందీలో ఏమీ చెప్పలేదన్నాను. తర్వాత ఆమె అన్న మాట ఆమె అన్నట్టే అన్నాను. "గుంటనొగ్గీకండి."

నా వెనక మహలక్ష్మి కూలబడి ఏడ్చింది. ఆ మాటకు అర్థం ఆమెకు చెప్పనక్కర్లేకపోయింది. గరిటె ఆగింది. తల్లి ఆ పిల్లను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదట, గుంటా అనే పిలిచేదట.

"నన్నా?" అంది.

"నిన్నే," అన్నాను.

"మరి అమ్మ ఇందుల లేదేటి?"

లేదన్నాను. తను తవ్విన చోటును చాలాసేపు చూసింది. లేచి ఎక్కబోయి జారింది. మళ్ళీ ఎక్కబోయి జారింది. అప్పుడు రెండు చేతులూ పైకి చాపింది. మహలక్ష్మి పైకి లాగి ఎత్తుకుంది.

గొయ్యి ఆ సాయంత్రమే పూడ్చారు. పిల్ల రాత్రి రెండు ముద్దలు తిందని మర్నాడు కబురు చేశారు. అప్పన్నను ఉరితీశారు. గొయ్యి తనదేనని ఆఖరిదాకా చెప్పుకున్నాడని జైలువాళ్ళు అన్నారు. పుస్తకం మళ్ళీ అచ్చయింది. తప్పు దిద్దమని నేను రాస్తే జవాబు రాలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళకు ఆ లైనువాళ్ళు ఇంకో పెరట్లో ఇంకో పల్లం చూపించేవారు.

మరణ వాంగ్మూలం కోర్టుకు చేరితే నా పని అయిపోయినట్టేనని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఆ మాట ఎవరి కోసం అన్నదో వాళ్ళకు చేరకపోతే, దాన్ని అమ్ముకునేవాళ్ళు ముందుగా చేరుస్తారు. ఆ పైన నేను విన్న ప్రతి వాంగ్మూలానికీ, కేసు తేలగానే బంధువుల ఇంటికి వెళ్ళి, అన్న మాట అన్న భాషలో చెప్పి వచ్చేవాణ్ణి. అలా చెయ్యమని నిబంధనల్లో లేదు. చెయ్యొద్దనీ లేదు.